టిక్కు టిక్కుమంటూనే ఉంది, పందులు వస్తూనే ఉన్నాయి: మా సోలార్ కంచె డైరీ

జూలై 12

శెనక్కాయ విత్తి ఆరు రోజులైంది. పొద్దున ఆరింటికే నాయన ఫోన్. "వంక పక్క అయిదారు సాళ్లు దున్నేసి పోయినాయిరా." దున్నింది ట్రాక్టరు కాదు, అడవి పందులు. బెంగళూరులో బస్సెక్కి మధ్యాహ్నానికి చేను చేరాను. సాలు తప్పకుండా, ముట్టెతో వరసగా పెళ్లగించుకుంటూ పోయి విత్తనం ఏరుకుని తిన్నాయి. కూలీలు కూడా అంత నీటుగా సాలు పట్టరు. వేసింది కదిరి లేపాక్షి రకం. విత్తనం ఖర్చు తలుచుకుంటే కడుపు మండుతోంది.

కంచె లేక కాదు. రెండేళ్ల కిందట మూడున్నర ఎకరాల చుట్టూ సోలార్ ఫెన్సింగ్ వేయించాం. చుట్టుకొలత దాదాపు 540 మీటర్లు. అయిదు మీటర్లకొక రాతి కూసం, నాలుగు వరసల జీఐ (జింకు పూత ఇనప) తీగ, అది రాతికి తగలకుండా కూసానికి నాలుగు చొప్పున ఇన్సులేటర్లు. షెడ్డు మీద 40 వాట్ల ప్యానెల్, లోపల 12 వోల్టుల 26 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ పట్టే కరెంటు లెక్క) బ్యాటరీ, గోడకు తీగలోకి కరెంటు దెబ్బలు పంపే మిషన్. ఆ మిషన్ ఇప్పటికీ టిక్కు టిక్కుమంటోంది, పచ్చ లైటు వెలుగుతోంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

నాయన పరీక్ష పాతకాలపుది. పచ్చి గరిక పరక ఒక కొస పట్టుకుని, రెండో కొస తీగకు ఆనించి, మెల్లగా ముందుకు జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట వేలికి చురుక్కుమనాలి. ఇవాళ వేలు తీగ దగ్గరదాకా వచ్చినా చురుకు లేదు. "మిషన్ పోయింది, కొత్తది తెద్దాం" అన్నాడు. షాపులో అడిగితే వాళ్లూ సంగతి సగం వినకుండానే అదే మాట.

పక్క చేను మామది ఇంకో ఉపాయం. "ఇంత తంటా ఎందుకప్పా? మోటారు స్టార్టరు నుంచి ఒక ఫేజు లాగి తీగకు తగిలిస్తే సరి. పడిన పంది లేవదు."

పంది లేవదు సరే, మనిషి మాత్రం లేస్తాడా? రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయినవాడు పందుల కోసం పరిచిన తీగకే బలైపోవడం ఏటా పేపర్లో చదువుతున్నదే. మోటారు కరెంటు ఆగకుండా పారుతుంది. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోతుంది, వదిలించుకోలేం. మా మిషన్ ఇచ్చేది ఎనిమిది తొమ్మిది వేల వోల్టులైనా, అది సెకనులో వెయ్యోవంతు కూడా ఉండని ఒక్క దెబ్బ. మళ్లీ దెబ్బకు సెకను పైనే ఖాళీ. ఆ ఖాళీలోనే మనిషైనా పందైనా వెనక్కి గుంజుకుంటాయి. పైగా లైను నుంచి నేరుగా కంచెకు కరెంటు ఇస్తే 2003 విద్యుత్ చట్టం కింద కేసు, జంతువు చస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో కేసు, మనిషి పోతే ఇక చెప్పేదేముంది. మామతో ఇదంతా చెప్తే "నీ చదువు నీదిలే" అని బీడీ ముట్టించాడు. కానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జూలై 13

బెంగళూరు నుంచి వస్తూ ఫెన్సింగ్ మీటరు ఒకటి కొనుక్కొచ్చాను. ముందే ఒక మాట: దీనికి మామూలు మల్టీమీటరు పెట్టకూడదు. అది వెయ్యి వోల్టుల లోపు పనిముట్టు, ఇక్కడ ఒక్క దెబ్బకే దాని పని అయిపోతుంది. ఫెన్సింగ్ మీటరుకు ఒక కొక్కెం, ఒక ఇనప ముల్లు ఉంటాయి. ముల్లు నేలలో గుచ్చి కొక్కెం తీగకు తగిలిస్తే కిలోవోల్టుల్లో అంకె చూపిస్తుంది.

కంచె మీద 1.9.

పంది తోలు మందం, వెంట్రుక గరుకు. కనీసం నాలుగైదు వేల వోల్టులు లేకపోతే దానికి దోమ కుట్టినట్టు. 1.9 అంటే కంచె కాదు, బట్టలారేసే తీగ.

మిషన్ ఆపి, కంచెకు పోయే వైరు మాత్రం విప్పి, మళ్లీ ఆన్ చేసి మిషన్ రెండు టెర్మినళ్ల మధ్య చూశాను. 8.8. నాయనను పిలిచి చూపించాను. "ఇదే కదా పోయిందన్నావు?" అంటే ఏమీ అనలేదు, పోయి కొడవలి తెచ్చుకున్నాడు.

మిషన్ బాగుంది, బ్యాటరీ 12.6 వోల్టులు ఉంది. అంటే తొమ్మిది వేలు పుట్టి, రెండు వేలు మిగులుతోంది. మిగతాది దారిలో ఎక్కడో నేలలోకి కారిపోతోంది. అది ఒక పెద్ద చిల్లా, వంద చిన్న చిల్లులా అన్నదే తేలాలి.

ముందు కంటికి కనిపించేవి. కింది తీగ నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంది. పంది ముట్టె ఎత్తుకు అది సరైన చోటే, కానీ గడ్డికి కూడా అదే సరైన చోటు. జూన్ వానలకు గరిక, వయ్యారిభామ తీగ మీదికి ఎక్కేశాయి. వంక పక్కన సర్కారు కంప రెమ్మ ఒకటి నాలుగింటిలో మూడు తీగలకు అడ్డంగా పడి ఉంది. పచ్చి ఆకు ఒక్కటి తాకితే పోయేది కొంచెమే, వెయ్యి ఆకులు తాకితే కంచె ఖాళీ. మిషన్ ఆపేసి ఇద్దరం నాలుగు గంటలు కోశాం. గడ్డిమందు కొడదామని నాయన అన్నాడు, నేనొద్దన్నాను. గాలికి ఒక్క తుంపర లోపలికొచ్చినా మొలక మాడిపోతుంది.

చీకటి పడ్డాక అసలు పని. టార్చి ఆర్పేసి, మాట్లాడకుండా, తీగ వెంట నడవాలి. లీకున్న చోట చిటుక్, చిటుక్ అని వినిపిస్తుంది, సన్నగా నీలం మెరుపు కూడా కనిపిస్తుంది. ఏడు చోట్ల దొరికింది. అయిదింటిలో ఇన్సులేటర్లు ఎండకు పెళుసై పగిలి, తీగ నేరుగా రాతిని తాకుతోంది. ఎండిన రాయి పర్వాలేదు, వాన తడిసిన రాయి కరెంటును బాగానే తాగుతుంది. ఇంకోచోట కట్టుతీగ ముక్క ఒకటి వేలాడుతూ రెండు వరసలనూ కలిపింది. అక్కడితో నేలలోకి పోయేదేమీ లేదు గానీ, గాలికి ఊగి కూసానికి తగులుతోంది. ఏడోది, పాపం, ఒక తొండ. ఇన్సులేటరుకూ కూసానికీ మధ్య దూరి అక్కడే వరుగైపోయింది.

అన్నీ మార్చాక 3.6.

జూలై 19

వారమంతా నాయన రోజూ రాత్రి ఫోన్‌లో అంకె చెప్పాడు. "మూడు చుక్క ఆరు." "మూడు చుక్క అయిదు." వాన పడిన రోజు "రెండు చుక్క తొమ్మిది." పందులు రెండుసార్లు వచ్చి, ఒకసారి వెనక్కి పోయాయట.

ఇక కోసేది, మార్చేది కంటికి కనిపించడం లేదు. సగం సగం చేయడం మొదలుపెట్టాను. మా తీగ షెడ్డు దగ్గర మొదలై, ఉత్తరం గట్టు మీదుగా పోయి, బండ్ల దారి గేటు కింద కేబుల్‌లో దూరి, మిగతా మూడు పక్కలూ తిరిగి షెడ్డు వెనక ఆగుతుంది. గేటు దగ్గర వైరు విప్పి మొదటి ముక్కను మాత్రం చూశాను: 7.4. ఆహా, దొంగ గేటుకు అవతల ఉన్నాడు అనుకున్నాను. కేబుల్ తగిలించి, దాని అవతలి కొసకు కంచె తగిలించకుండా మళ్లీ చూశాను. 4.2.

అవతల కంచె లేనే లేదు. ఉన్నది నేలలో పూడ్చిన పదిహేను అడుగుల కేబుల్ ఒక్కటే. మూడు వేల వోల్టులు దాంట్లోనే మాయం.

తవ్వాం. పీవీసీ పైపు నిండా నీళ్లు. లోపలిది ఇళ్లకు వాడే ఎర్ర వైరు, ఫెన్సింగ్ కేబుల్ కాదు. అలాంటి వైరు తొడుగు మీద 1100 వోల్టులని రాసి ఉంటుంది. ఇంట్లో 230కి అది బ్రహ్మాండం. ఎనిమిది వేల దెబ్బలు రెండేళ్లు తిన్నాక దాని ఒంటి నిండా సూది మొనంత నల్ల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో చిల్లు. కంచె వేసినవాళ్లు ఎక్కడ మిగిల్చారో తెలిసింది. పూడ్చేస్తే ఎవరికి కనపడుతుంది?

రెండు పొరల తొడుగున్న ఫెన్సింగ్ కేబుల్ కొత్తది వేశాను. పైపు రెండు కొసలూ పైకి తెరిచి ఉంటే వాననీళ్లు దిగుతాయి, అందుకని చేతికర్ర వంపులా కిందికి తిప్పాను. గేటు కొక్కెం కూడా తప్పుగానే ఉంది. గేటు తీసి నేల మీద పడేసినప్పుడు స్ప్రింగులో కరెంటు ఉండకూడదు, కరెంటొచ్చే పక్క గూటిలోకి పిడి కొస పోయి తగిలినప్పుడే పారాలి. మావాళ్లు తిరగేసి పెట్టారు. ఎడ్లబండి తోలేటప్పుడు నాయన రెండేళ్లుగా ఎందుకు తిడుతున్నాడో ఇప్పుడర్థమైంది.

సాయంత్రం షెడ్డు దగ్గర 6.8. చివర మాత్రం 5.7.

జూలై 20

ఆ తేడా నిద్ర పట్టనివ్వలేదు. 540 మీటర్ల జీఐ తీగ దానంతటది వెయ్యి వోల్టులు తినదు. ఎక్కడో ముడి సరిగా లేదు.

దీనికి నాయన పాత ట్రాన్సిస్టర్ పనికొచ్చింది. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు ఉంచి, సౌండు పెంచి, తీగ పక్కన నడవాలి. మిషన్ కొట్టిన ప్రతిసారీ రేడియోలో టప్ మంటుంది. స్పార్కు దగ్గరయ్యేకొద్దీ ఆ టప్ పెద్దదవుతుంది. ఎఫ్ఎం మీద ఈ విద్య పనిచేయదు. నైరుతి మూల కూసం దగ్గర రేడియో పటాకుల్లా పేలింది. చూస్తే, తెగిన జీఐ తీగను రాగి తీగ ముక్కతో చుట్టి అతికారు. రాగినీ జీఐనీ ఇలా కలిపి చుడితే తడి తగిలినప్పుడల్లా జీఐ మీది జింకు పూత తినేసుకుపోతుంది. అక్కడ ఇప్పుడు తీగ లేదు, తెల్ల బూడిద, తుప్పు ఉన్నాయి. కరెంటు ఆ సందును దూకుతూ పోతోంది.

రాగి తీసేసి, అదే జీఐ ముక్క వేసి, బోల్టు క్లాంపుతో బిగించాను. మిగతా ముళ్లన్నీ చూసి ఇంకో మూడు క్లాంపులు వేశాను. చివర 6.6.

"ఇంక రావు" అన్నాడు నాయన. నేనూ అదే అనుకున్నాను. ఈ డైరీ ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను కూడా.

ఆగస్టు 15

మూడు వారాలు చుక్క వాన లేదు. శెనక్కాయ ఊడలు దిగే సమయం, నేల చూస్తే పెంకులా ఉంది. నిన్న రాత్రి పందులు మళ్లీ వచ్చాయి. అదీ వంక పక్క కాదు, మిట్ట పక్క గరప నేలలో.

మీటరు 7.1 చూపిస్తోంది. ఎండకు గడ్డి కూడా మాడిపోయింది కాబట్టి ఇంత మంచి అంకె ఎప్పుడూ రాలేదు. కింది తీగకు నల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అంటే తాకింది, దూరింది, తాపీగా పోయింది. నాయన నా వైపు చూసిన చూపుకు మీటరు తీసుకుని బావిలో పడేయాలనిపించింది.

అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాక వెలిగింది. ఇన్నాళ్లూ నేను చూసింది సగం కంచెనే. తీగ ఒక సగం. రెండో సగం నేల. మిషన్ నుంచి బయల్దేరిన దెబ్బ తీగలో పోయి, పంది ఒంట్లోంచి దిగి, కాళ్ల కింది మట్టిలోంచి నడిచి, షెడ్డు వెనక దిగేసిన ఎర్త్ కడ్డీ పట్టుకుని మళ్లీ మిషన్‌కు చేరాలి. మట్టి ఎండిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. మరి మీటరు 7.1 ఎలా చూపించింది? మీటరుకు కావలసింది చుక్క కరెంటు, ఎండిన నేల కూడా ఆ చుక్కను ఇవ్వగలదు. పందిని అదరగొట్టాలంటే చుక్క చాలదు, ధార కావాలి.

దీనికి వేరే పరీక్ష ఉంది. మిషన్ ఆపి, షెడ్డు నుంచి వంద మీటర్ల దూరంలో రెండు గడ్డపారలు నేలలో దిగేసి తీగకు ఆనించాను. మిషన్ ఆన్ చేసి, కంచె రీడింగు రెండు వేల కిందికి పడిందని చూసుకుని, ఇప్పుడు కొక్కెం తీగకు కాదు, ఎర్త్ కడ్డీకి తగిలించాను. మీటరు ముల్లు కడ్డీకి వైరందినంత దూరంలో గుచ్చాను. ఎర్త్ బాగుంటే అక్కడ సున్నా రావాలి, పోనీ 0.3 దాటకూడదు.

1.3 వచ్చింది.

ఎర్త్ కడ్డీ చుట్టూ తవ్వి చూస్తే మూడడుగుల ఇనప ముక్క. అదీ ఒక్కటే, షెడ్డు చూరు కింద, వాన కూడా తడపని చోట.

ఆగస్టు 16

ఇవాళంతా గడ్డపార పనే. ఆరడుగుల జీఐ పైపులు మూడు తెచ్చాం. షెడ్డుకు కొంచెం దూరంలో పశువుల తొట్టి ఉంది, అక్కడ ఎప్పుడూ నీళ్లు ఒలికి నేల చిత్తడిగా ఉంటుంది. అదే చోటు. కాకపోతే బోరు మోటారు ఎర్తింగ్ నుంచి దూరం కొలుచుకున్నాను, రెండింటికీ కనీసం పది మీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే కంచె దెబ్బలు మోటారు పెట్టెలో తేలతాయి.

పైన రెండడుగులు బురద, కింద గరప. నీళ్లు పోస్తూ, గడ్డపార తిప్పుతూ, ఒక్కో గుంతకు గంటన్నర పట్టింది. పైపుకూ పైపుకూ మధ్య మూడు మీటర్లు. నాయన ఉప్పు మూట తెచ్చాడు, ఇంటి ఎర్తింగ్‌కు వేస్తారు కదా అని. ఉప్పుతో ఎర్త్ బాగవుతుంది, నిజమే, కానీ పైపు తొందరగా తుప్పు పడుతుంది. తొట్టి నీళ్లు ఎలాగూ పారుతున్నాయి కదా అని బొగ్గు మాత్రం వేసి పూడ్చాను. మూడింటినీ ఒకే జీఐ తీగతో, తెగకుండా, క్లాంపులతో కలిపి మిషన్‌కు తెచ్చాను.

మళ్లీ గడ్డపారల పరీక్ష: 0.3.

కానీ అది తొట్టి దగ్గర. పంది నిలబడేది మిట్ట మీద, ఎండిన గరపలో. అక్కడ కాలికిందే దారి లేకపోతే ఇక్కడ ఎంత తడిపినా ఏం లాభం? అందుకని రెండో మార్పు చేశాను. కింది నుంచి రెండో తీగను కరెంటు నుంచి విడదీసి ఎర్త్‌కు కలిపాను. పంది దూరేది ఒకటో తీగకూ రెండో తీగకూ మధ్యనే. ముట్టెకు ఒకటి, వీపుకు ఇంకొకటి తగిలితే ఇక నేలతో పని లేదు, దెబ్బ ఆ రెండు తీగల మధ్యే తిరుగుతుంది.

దీనికి దీని తిప్పలున్నాయి. వానాకాలంలో గడ్డి లేచి ఈ రెండు తీగలనూ కలిపితే కంచె చచ్చిపోతుంది. అందుకే రెండో తీగకు షెడ్డులో ఒక స్విచ్చి పెట్టాను. ఇటు తిప్పితే కరెంటు, అటు తిప్పితే ఎర్త్. ఎండినప్పుడు ఎర్త్, తడిసినప్పుడు కరెంటు. నాయన స్విచ్చికి ఒకపక్క సుద్దతో "ఎండ", ఇంకోపక్క "వాన" అని రాసుకున్నాడు.

రాత్రి పదకొండు దాటాక మిట్ట పక్క నుంచి ఒక్క కేక వినిపించింది. పంది కేక. తర్వాత కంపల్లో ధడధడ. నాయన మంచంలోంచి లేవకుండానే "అదీ!" అన్నాడు.

సెప్టెంబర్ 13

నెల రోజులు ఏ గొడవా లేదు. వారం నుంచి మాత్రం నాయన ఒక వింత చెప్తున్నాడు. రాత్రి బాగానే ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి పోయి చూస్తే టిక్కు లేదు, ఎండెక్కాక మళ్లీ మొదలు.

ఇది మీటరు చూడకుండానే చెప్పొచ్చు: బ్యాటరీ. అయినా కొలిచాం. సాయంత్రం ఆరింటికి 12.3, తెల్లారి 11.2. లెక్క వేసుకున్నాను. మా మిషన్ సగటున 0.3 ఆంపియర్లు తింటుంది, రోజుకు 7.2 ఏహెచ్. ప్యానెల్ మంచి ఎండలో 2.2 ఆంపియర్లు ఇస్తుంది, అయిదు గంటల గట్టి ఎండకు 11 ఏహెచ్. సరిపోవాలి, మిగలాలి కూడా. మరి ఎక్కడ పోతోంది?

షెడ్డు ఎక్కి చూస్తే పడమటి వేప చెట్టు. రెండేళ్లలో కొమ్మ ఒకటి చాచుకుని మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ప్యానెల్ మీద నీడ వేస్తోంది. ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా రాబడి బాగా పడిపోతుంది, అంటే మధ్యాహ్నం తర్వాతి రాబడి దాదాపు పోయినట్టే. 11లో సగం 5.5. రోజుకు 1.7 అప్పు. 26 ఏహెచ్ బ్యాటరీ అలా రెండు వారాలు ఓపిక పట్టి చేతులెత్తేసింది. దానికి తోడు ప్యానెల్ మీద దుమ్ము, కాకి రెట్టలు.

కొమ్మ కొట్టేశాం. ప్యానెల్ కడిగాం, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బ్యాటరీ మూతలు తీస్తే రెండు గదుల్లో నీళ్లు ప్లేట్ల కిందికి పోయాయి. డిస్టిల్డ్ వాటర్ పోశాను. బోరు నీళ్లు పోస్తానన్న నాయనను ఆపాను, మా బోరు నీళ్లకు కుండల్లోనే తెల్ల పొర కడుతుంది. టెర్మినళ్ల మీది పచ్చటి చెత్తను వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేజలైన్ రాశాను. బ్యాటరీని రెండు రోజులు ఊళ్లో చార్జింగ్‌కు ఇచ్చాం. ఆ రెండు రోజులూ మామ తన ట్రాక్టర్ బ్యాటరీ ఇచ్చాడు. పాత మాట మరిచిపోయినట్టే ఉన్నాడు. ట్రాక్టర్ బ్యాటరీ రెండు రోజులకు పర్వాలేదు గానీ, రోజూ అడుగంటా వాడితే నెలల్లో పోతుంది. దాని పని ఒక్క క్షణం గట్టిగా తన్ని ఇంజను లేపడమే.

అక్టోబర్ 4

సాయంత్రాలు ఉరుములు. 540 మీటర్ల ఇనప తీగ ఆరుబయట పరిచి ఉంచామంటే పిడుగుకు వలేసినట్టే. నేరుగా మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా తీగలోకి ఎగదన్ని మిషన్‌ను కాల్చేస్తుంది. కంచె లైనుకు ఒక పిడుగు చోకు, అరెస్టరు (పిడుగు కరెంటును మిషన్ దాకా రానీకుండా నేలలోకి మళ్లించేవి) పెట్టాను, దానికి వేరే ఎర్త్ పైపు. దానికంటే నమ్మకమైనది షెడ్డు బయటి స్విచ్చి: మబ్బు కమ్మగానే కంచెను మిషన్ నుంచి విడదీయడం. ఉరుము మొదలయ్యాక ఆ స్విచ్చి జోలికి, తీగ జోలికి పోవద్దని నాయనకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే కోప్పడ్డాడు.

ఎలాగూ ఆపాను కదా అని మిషన్ మూత విప్పాను. లోపల రెండు బల్లి గుడ్లు, ఒక చీమల పుట్ట. చీమలు ట్రాన్స్‌ఫార్మరు వెచ్చదనానికి చేరతాయి, వాటి తడి బోర్డును తినేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, వైర్లు దూరే కన్నాలను రబ్బరు బిళ్లలతో మూశాను. గుడ్లను గోడ పగుల్లో పెట్టాను, నాయన చూడకుండా.

హెచ్చరిక బోర్డులు ఎండకు వెలిసి తెల్లబడ్డాయి, "ప్రమాదం" అన్న మాటలో సున్నా ఒక్కటే మిగిలింది. కొత్తవి రాయించాం. బడి పిల్లలు నడిచే దారి పక్క దగ్గర దగ్గరగా కట్టాం.

ఏనుగుల సంగతి అడుగుతున్నారు మా చుట్టాలు. కౌండిన్య అభయారణ్యం మాకు దూరమేమీ కాదు, అటు ఊళ్లలో రైతుల బాధ నాకు తెలుసు. పందికి కట్టిన ఈ కంచె ఏనుగును ఆపదు. దంతంతో తీగ తెంపడం, చెట్టును తోసి కంచె మీద పడేయడం దానికి వచ్చు. దాని కంచె లెక్కే వేరు.

అక్టోబర్ 26

శెనక్కాయ పీకడం మొదలైంది. వంక పక్క తొలి వారం పోయిన సాళ్లలో మళ్లీ విత్తింది కొంచెం లేతగా ఉంది, దాన్ని చివరికి పెట్టాం. మిగతా చేను కట్టలు కట్టి ఎండుతోంది. కాయ నేల మీద ఉన్న ఈ పది రోజులే అసలు కాపలా.

వచ్చేసరికి షెడ్డు గోడ మీద నాయన సుద్దతో గళ్లు గీసి ఉంచాడు. తారీఖు, కంచె అంకె, ఎర్త్ అంకె. నేను చెప్పింది వారానికొకసారి, ఆయన రాసింది రోజూ. నిన్నటి గడిలో 6.9, 0.2. ఇవాళ్టి గడిలో 6.1, పక్కన చిన్న అక్షరాలతో "గేటు దగ్గర గరిక".

ఆయన కోసం కేకేస్తే పలకలేదు. కొడవలి కూడా చూరులో లేదు. మిషన్ ఆపి ఉంది.